రేవులో పసుపు లారీ

హార్డ్ డిస్క్ మార్చడం గృహప్రవేశం లాంటిదని నా షాపుకి వచ్చే అందరికీ చెబుతుంటాను. కొత్త ఇంట్లోకి ముందు దేవుడి పటం, పాలగిన్నె వెళ్ళినట్టు ముందు ఆపరేటింగ్ సిస్టమ్ వెళ్ళాలి. సామాన్లు ఆ తర్వాతే. పాత చీపురు కొత్త ఇంటికి పట్టుకెళ్ళకూడదు కాబట్టి చెత్త ఫైళ్ళన్నీ ముందే ఊడ్చేస్తాను. కొత్తింట్లో పాలు పొంగి, నాలుగు రోజులు నిద్ర చేసి, అంతా బాగుందనుకున్నాకే పాత ఇంటి తాళాలు ఇచ్చెయ్యాలి. అందుకని పాత డిస్క్‌ని చెరపకుండా కవర్లో పెట్టి, పేరు రాసి, బీరువాలో చాలాకాలం ఉంచుతాను. కాకినాడ జగన్నాథపురంలో ఇంత చాదస్తమున్న రిపేరు షాపు ఇంకోటి లేదు. నా పేరు మంగతాయారు. ఎదురుగా అందరూ తాయారక్క అంటారు. వెనకాల ఏమంటారో నేనెప్పుడూ కనుక్కోలేదు, కనుక్కుంటే గొడవ.

లోవ మొదటిసారి వచ్చిన రోజు వాన. సీపీయూని తువ్వాల్లో చుట్టి, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఆటో దిగింది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. చీర తడిసి కారుతోంది, తువ్వాలు మాత్రం పొడిగానే ఉంది.

"లోపల టిక్కుటిక్కుమంటందండి తాయారక్కా. ఇందులో మా ఆయన ఆటుందండి. అది పోకూడదండి," అంది.

"ఆయన ఆటైతే ఆయన రావాలిగానీ, వానలో నిన్ను పంపేడేంటమ్మా?"

ఆమె సీపీయూని ఇంకాస్త గుండెకి హత్తుకుంది. అనవసరంగా నోరు జారానని నాకప్పుడే అర్థమైంది.

భర్త నూకరాజు పోర్టులో క్రేన్ ఆపరేటరు. పోయిన చలికాలం డ్యూటీ దిగి ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుంటూ పడిపోయాడు. పక్షవాతం. కుడిచెయ్యి పోయింది, మాట పోయింది. మాటల్లో ఓ గుప్పెడు మిగిలాయి. లోవా, నీళ్ళు, కాదు, నేను, అలాంటివి. ఫిజియోథెరపీ మేడమ్ ఎడం చేత్తో ఆట ఆడించమందట. కన్నూ చెయ్యీ మళ్ళీ ఒక దారికి వస్తాయని.

ఆ ఆట పేరు 'రేవు'. ఓడలొస్తాయి. క్రేన్‌తో పెట్టెలు దింపాలి, లారీలకెక్కించాలి. పగలంతా క్రేనెక్కి పెట్టెలు దింపిన మనిషి ఇంటికొచ్చి మళ్ళీ కంప్యూటర్లో అదే పని చేసేవాడట.

"వంటాయన పెళ్ళికెళ్ళి మళ్ళీ గరిటె పట్టుకున్నట్టుంది," అన్నాను.

లోవ నవ్వింది. "నేనూ ఆడతానండి. బావది క్రేను, నాది లారీ. పెళ్ళయిన కాణ్ణించీ ఇద్దరం కలిసి కట్టుకున్న రేవండి అది."

ఆమె లారీ పసుపు రంగుది. పొయ్యి మీద అన్నం చూసుకోవడానికి ఆమె లేచి వెళితే చాలు, నూకరాజు కొక్కెం తగిలించి ఆ లారీని గాల్లోకి లేపేసేవాడు. ఆమె తిరిగొచ్చి దింపు బావా అనాలి. ఒకసారి అంటే దింపడు, రెండుసార్లన్నా దింపడు. మూడోసారికి దింపుతాడు. పెట్టెలు మాత్రం దారం కట్టి గీసినట్టు పేర్చేవాడు. వరస పూర్తయ్యాక పైన ఒక నల్ల పెట్టె వంకరగా పెట్టేవాడు, దిష్టికి. కట్టే ఇంటికి దిష్టిబొమ్మ కడతాం చూడండి, అలా. ఇదంతా చెబుతూ ఆమె తడి జుట్టు తుడుచుకోవడం కూడా మర్చిపోయింది.

డిస్క్ విప్పి చూస్తే సగం చచ్చిపోయి ఉంది. మామూలుగా కాపీ చేస్తే బొక్కలున్న చోటల్లా ఆగిపోతుంది. రేవులో చాలా భాగం ఎగిరిపోతుంది. అప్పుడు నాకు సోమయాజి ఇచ్చిన ముక్క గుర్తొచ్చింది.

సోమయాజి వైజాగ్‌లో ఒక లాబొరేటరీ నడుపుతాడు. కుర్రతనం ఇంకా వదలని మనిషి, జుట్టు మాత్రం నెరిసింది. వాళ్ళు కొత్తరకం డిస్క్ తయారుచేసి, పరీక్షించి చూడమని నాలాంటి షాపులవాళ్ళకి తలా ఒకటి ఇచ్చారు. అగ్గిపెట్టెంత బూడిదరంగు గాజుపలక. ఎంత సమాచారమైనా పడుతుంది, బొక్కలుంటే అదే పూడ్చుకుంటుంది అన్నాడు. అదెలాగయ్యా అని అడిగితే నన్నే ఎదురడిగాడు.

"మీ అత్తగారు ఫోన్ చేస్తే ఏం మాట్లాడతారో మీకు ముందే తెలుసా తెలీదా?"

"అక్షరం పొల్లుపోకుండా తెలుసు."

"అంటే ఇన్నేళ్ళుగా ఆవిడన్న మాటలన్నీ మీరు దాచుకున్నారా? లేదు. ఆవిడ తీరు దాచుకున్నారు. తీరు తెలిస్తే మాటలు వాటంతటవే వస్తాయి. ఈ డిస్క్ చేసేదీ అంతే."

అప్పటినుంచీ దాన్ని నేను తీరు డిస్క్ అనేదాన్ని. లోవ రేవుని అందులోకి మార్చాను. ముందు సిస్టమ్ వెళ్ళింది, వెనకాల ఆటలు వెళ్ళాయి. పాత డిస్క్ బొక్కల దగ్గర కీచుమంటుంటే కొత్తది ఆగకుండా నింపుకుంటూ పోయింది. ఇక్కడున్నదీ అక్కడికెళ్ళిందీ ఒకటేనా అని సరిచూడమంటే, ఒకటే అని తెరమీద పచ్చగా చూపించింది. అసలు లేని చోట్ల కూడా ఒకటే అంది. చేత్తో పట్టుకుని చూస్తే, అప్పుడే ఇస్త్రీ చేసి పెట్టిన చొక్కాలాగా గోరువెచ్చగా ఉంది. కేబుల్ పీకి చాలాసేపయినా ఆ వెచ్చదనం పోలేదు.

కొన్ని వారాలకి లోవ కాజాల పొట్లంతో వచ్చింది. కళ్ళకింద నలుపు మాత్రం ఎక్కువైంది.

"ఆయన చెయ్యి బాగా వచ్చేసిందండక్కా. ఆటలో దింపిన పెట్టెల లెక్క చూసి ఫిజియో మేడమే ఆశ్చర్యపోయేరు. ఇంక వారానికోసారి వస్తే చాలన్నారు. పోర్టులో కూడా మాట్లాడొచ్చన్నారు, మళ్ళీ పనిలోకి."

"మరైతే ఆ మొహమేంటే తల్లీ?"

"ఆయన ఆట ముట్టుకోటం మానేసేరండి. ఎదురుగా కూచోబెడితే తెర చూపించి 'నేను కాదు, నేను కాదు' అంటన్నారు. అరిచేత్తన్నారు కూడానండి. మనిషికి తనెవరో తెలీకుండా పోవటం ఈ జబ్బులో ఉంటదంటన్నారు. ఒకసారి మీరు చూడండి, మిషన్లో ఏమన్నా తేడా ఉందేమో."

కాజా నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయాను. ఎందుకో తినాలనిపించలేదు.

సీపీయూ షాపులోనే ఉంచుకుని మర్నాడు పొద్దున్నే ఆట తెరిచాను. నేను జన్మలో క్రేన్ ముట్టలేదు. కంట్రోలర్ పట్టుకుని ఒక ఎర్ర పెట్టెని ఎలాగో ఎత్తి, దించబోయి పడేశాను. వరసకి అడ్డంగా, వంకరగా పడింది. ఈ ఆటలో ఒక పద్ధతుంది. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే నిద్రలోకి వెళుతుంది. వెళ్ళేముందు రేవు ఎలా ఉందో అలాగే డిస్క్ మీద రాసిపెడుతుంది. మళ్ళీ మీట నొక్కితే డిస్క్ మీదున్నది చదివి లేస్తుంది. నేను టీ తాగి వచ్చి మీట నొక్కాను.

నా ఎర్ర పెట్టె వరసలో ఉంది. దారం కట్టి గీసినట్టు నిటారుగా ఉంది. దాని మీద, నేను ముట్టనైనా ముట్టని ఒక నల్ల పెట్టె వంకరగా కూర్చుని ఉంది.

షాపులో నేను తప్ప ఎవరూ లేరు. వీధిలో కూరగాయల బండివాడు అరుస్తున్నాడు, ఎండ గుమ్మం దాకా వచ్చింది. అంత పట్టపగలు నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. మళ్ళీ ఒక పెట్టె సముద్రంలో పారేశాను. నిద్రపోనిచ్చి లేపాను. పెట్టె ఒడ్డున ఉంది. అక్కడికీ వదలకుండా మూడు వరసలు చెల్లాచెదురు చేసి, కావాలని ధ్వంసం చేసి వదిలేశాను. లేచేసరికి రేవు ముగ్గేసినట్టుంది. వరస వరసకీ ఒక దిష్టి పెట్టె ఉంది.

ఫోన్‌లో తేలే సంగతి కాదని ఆ మధ్యాహ్నమే బస్సెక్కి వైజాగ్ వెళ్ళాను. సోమయాజి లాబొరేటరీ కొండవాలు మీద ఉంది. చల్లటి గదిలో అరలనిండా బూడిదరంగు పలకలు, ఒక్కోదాని మీద చిన్న ఆకుపచ్చ దీపం వెలుగుతోంది. నేను చెప్పిందంతా విని అతను కుర్చీలోంచి లేచిపోయాడు.

"ఏళ్ళ తరబడి ఆడిన ఆట కదా మేడమ్. ఆ పెట్టెలన్నీ గుర్తుపెట్టుకోవడం కన్నా ఆడే మనిషిని గుర్తుపెట్టుకోవడం దానికి సులువు. ఇప్పుడు ఎవరైనా వేరేగా ఆడితే అది పొరపాటనుకుంటుంది. బొక్క పూడ్చినట్టే పూడుస్తుంది. మీకర్థమవుతోందా, అది మనిషిని దాచుకుంది! ఇది లోపం కాదు, విజయం."

"విజయమా? అక్కడొక మనిషి ఎడం చేత్తో కిందామీదా పడి ఒక పెట్టె ఎత్తితే, మర్నాటికి అది అతని పని కాకుండా పోతోంది. నేను కాదు మొర్రో అంటే పిచ్చి అంటున్నారు. అది నీకు విజయంగా ఉందా?"

నా కోపం ఇంకా దిగలేదు.

"నీ కంప్యూటర్లో ఉన్నదీ ఈ డిస్కేగా?"

"ఏడాదినుంచి. ఒక్క తప్పు లేదు."

"ఈ ఏడాదిలో నువ్వెప్పుడూ రాయనిది ఏదైనా రాశావా?"

సోమయాజి నవ్వబోయి మానేశాడు. కుర్చీలో కూర్చుని మెల్లగా చెప్పాడు. తండ్రితో ఏదో మాటామాటా వచ్చి పట్టింపులున్నాయట. పంతం పక్కనపెట్టి, తప్పు నాదే నాన్నా అని మొదటిసారి ఒక మెయిల్ రాశాడట. డిస్క్ మీద దాచి, మర్నాడు మళ్ళీ చదవకుండానే పంపించాడు కూడా. ఆయన జవాబు ముభావంగా వచ్చింది, ఇతనికి మనసు విరిగింది. ఇప్పుడు నా ఎదుటే వెళ్ళిన మెయిల్ తెరిచి చూశాడు. 'పని ఎక్కువగా ఉంది, వీలు చూసుకుని మాట్లాడతాను' అని ఉంది. ఎప్పుడూ రాసే మాటే.

"ఇది నేను రాయలేదు," అన్నాడు. మళ్ళీ తనే, "కానీ రాస్తే ఇలాగే రాస్తాను," అన్నాడు. అతన్ని చూస్తే జాలేసింది, ఇంక తిట్టలేకపోయాను.

మర్నాడు ఆ సీపీయూతో పాటు ఒక మామూలు డిస్క్ కూడా తీసుకుని లోవ వాళ్ళింటికి వెళ్ళాను. నూకరాజు మంచం మీద గోడకానుకుని కూర్చున్నాడు. ఎత్తైన మనిషి, ఒక పక్క మొహం జారింది, కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి. ఆ కళ్ళు చూస్తే తనెవరో తెలియని మనిషి కళ్ళనిపించలేదు నాకు.

రెండు డిస్కులూ తగిలించి, రాసేదేదైనా రెండింటిమీదా ఒకేసారి రాసేలా పెట్టాను. తీరు డిస్క్ చెప్పేదానికి మామూలు డిస్క్ సాక్షి అన్నమాట. తర్వాత కంట్రోలర్ తీసుకెళ్ళి నూకరాజు ఒళ్ళో పెట్టాను.

"కాదు," అన్నాడు మొహం తిప్పుకుని.

"తెలుసు తమ్ముడూ. నువ్వు కాదని నాకు తెలుసు. అది రుజువు చెయ్యడానికే వచ్చాను. ఒక్కసారి ఆడు."

నావైపు తిరిగాడు. ఎడం చేత్తో కంట్రోలర్ అందుకుని తొడకి అదిమిపెట్టాడు. కొక్కెం ఊగింది. మొదటి పెట్టె సముద్రంలో పడింది. రెండోదీ అంతే. పెదవి కొరుక్కుంటూ, చెమటలు కక్కుతూ మూడోది ఎత్తాడు. అది ఒడ్డుకి తగిలి, దొర్లి, వంకరగా ఆగింది. ఆగడమైతే ఆగింది. లోవ చప్పట్లు కొట్టబోయి ఆగిపోయింది. ఇన్నాళ్ళూ కంప్యూటర్ చూపించిన ముగ్గులాంటి రేవుకీ, ఇప్పుడు కళ్ళముందు జరిగినదానికీ పొంతన లేదు. రోజూ ఆయన్ని ఆటముందు కూర్చోబెట్టి వంటపనిలో పడేది గానీ, పక్కన కూర్చుని చూడడం ఇదే మొదటిసారట. తర్వాత వచ్చి తెరమీద లెక్క చూసుకుని మురిసిపోయేది.

ఆట నిద్రపోయాక, ముందు మామూలు డిస్క్ లోంచి లేపాను. వంకర పెట్టె ఒడ్డునే ఉంది, మునిగిన రెండూ లేవు. తర్వాత తీరు డిస్క్ లోంచి లేపాను. మూడు పెట్టెలూ నిటారుగా, పైన నల్ల పెట్టె.

నూకరాజు కంట్రోలర్ వదిలేసి తెరకేసి వేలు చూపించాడు. "నేను కాదు," అన్నాడు. ఈసారి అరవలేదు. మేము విన్నామా లేదా అన్నట్టు ఒకరి తర్వాత ఒకరిని చూశాడు.

లోవ మంచం కోడు పట్టుకుని కింద కూర్చుండిపోయింది. అతని మోకాలి మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. అతను ఎడం చేత్తో ఆమె తల నిమురుతూ ఉండిపోయాడు. కాసేపటికి ఆమె లేచి కళ్ళు తుడుచుకుని నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళింది. తలుపు దగ్గరగా వేసింది.

"నాకు తెలుసండక్కా," అంది.

"ఏం తెలుసు?"

"అందులో బావ ఉన్నాడని."

ఒకరోజు మధ్యాహ్నం నూకరాజు పడుకున్నాక, మనసుండబట్టక ఆట తెరిచి తన లారీ తనే నడుపుకుందట. పొయ్యి మీద పప్పు పొంగిందని లేచి వెళ్ళింది. తిరిగొచ్చి మీట నొక్కేసరికి లారీ గాల్లో వేలాడుతోంది. గబగబా పక్కగదిలోకి వెళ్ళి చూసింది. మొగుడు గురక పెట్టి నిద్రపోతున్నాడు. రేవులో ఒక నోటీసు బోర్డుంటుంది, ఆడేవాళ్ళు ఒకళ్ళకొకళ్ళు రాసుకోవడానికి. దాని మీద 'దింపు బావా' అని రాసింది. ఆట నిద్రపోయి లేచింది. దింపలేదు. రెండోసారి రాసింది, దింపలేదు. మూడోసారి రాసి, కళ్ళు మూసుకుని కూర్చుంది. లేచేసరికి లారీ నేలమీద ఉంది.

"భయపడ్డావా?"

"లేదండి. సంతోషమేసింది. ఆయన పడిపోయిన కాణ్ణించీ నన్నెవరూ ఏడిపించలేదండక్కా. అప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం ఆడతన్నాను." చెంగుతో ముక్కు తుడుచుకుంది. "మీరాయనకి ఈ మామూలు డిస్క్ పెట్టేయండి. అది నాకుంచేయండి. ఎవరికీ చెప్పను."

చెయ్యొచ్చు. రెండు కేబుళ్ళ పని, అంతకంటే ఏమీ లేదు. ఆ మాటే చెప్పాను. ఇంకేమీ చెప్పే అధికారం నాకు లేదనిపించింది. తలుపు సందులోంచి నూకరాజు కనిపిస్తున్నాడు. అతను తెరని చూడడంలేదు. వంటింటి తలుపునే చూస్తున్నాడు.

"మధ్యాహ్నాలు ఆయన నిజంగా నిద్రపోయేరో లేదో," అంది లోవ నెమ్మదిగా. "నేను తెరముందు నవ్వుకుంటా ఉంటే ఇనపడేదేమో."

తలుపు తీసుకుని వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుంది. తీరు డిస్క్ లోంచి ఆట లేపింది. పసుపు లారీని రేవు మధ్యకి తెచ్చి నిలబెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ముగ్గురం తెరకేసి చూస్తున్నాం. తెర నల్లబడింది. లోవ మీట నొక్కింది.

లారీ గాల్లో ఉంది. కొక్కేనికి వేలాడుతూ కొంచెం కొంచెం ఊగుతోంది.

నూకరాజు గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. అది ఏడుపో కోపమో నేను చెప్పలేను. తను చేసే కొంటెపని తను లేకుండా జరగడం కళ్ళారా చూశాడు. అంతకంటే భయంకరమైనది ఇంకొకటి నేను చూడలేదు.

లోవ బోర్డు మీద రాసింది. 'దింపు బావా.' ఆట నిద్రపోయి లేచింది. లారీ కదల్లేదు.

'దింపు బావా. ఆయన నేర్చుకుంటన్నాడు.' లేచింది. కదల్లేదు.

మూడోసారి ఆమె వేళ్ళు మీటల మీద చాలాసేపు ఆగాయి. పైకి చదువుకుంటూ రాసింది. "దింపేసి నువ్వు దిగిపో బావా. డ్యూటీ అయిపోయింది. ఇంటికొచ్చేసేవు."

తెర నల్లబడింది. నూకరాజు చెయ్యి లోవ భుజం మీద పడింది. ఆమె మీట నొక్కడానికి భయపడుతోందని తెలుస్తూనే ఉంది. చివరికి నొక్కింది.

లారీ నేలమీద ఉంది. క్రేన్ చెయ్యి పైకి లేపి, డ్యూటీ దిగేటప్పుడు ఆపరేటర్లు నిలబెట్టినట్టు ఒడ్డువైపు తిప్పి ఉంది. వరస చివర నూకరాజు ఎడం చేతి పెట్టె, దొర్లిన చోటే, వంకరగా ఉంది. ఇందాక నిటారుగా సర్దిన పెట్టే, మళ్ళీ అతను పడేసినట్టే వదిలేసి ఉంది.

కేబుల్ లోవే పీకింది. నన్ను పీకనివ్వలేదు.

ఆ రోజే పాత డిస్క్‌ని బీరువాలోంచి తీసి, అందులో మిగిలిన రేవుని మామూలు డిస్క్ లోకి మార్చాను. చాలా వరసలు పోయాయి. రేవులో అక్కడక్కడ ఖాళీలు, సగం గోడలు. పోయిందేదో పోయినట్టే కనిపిస్తుంది, లేనిది ఉన్నట్టు చూపించదు. ఫిజియో మేడమ్‌కి అసలు సంగతి చెప్పి, మళ్ళీ రోజూ రమ్మనేలా ఒప్పించాం. పోర్టు మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

తీరు డిస్క్‌ని షాపుకి తెచ్చి చెరిపాను. ఖాళీ అయిందా అని అడిగితే, అయింది అని పచ్చగా చూపించింది. మనం ఎదురుచూసిందే చెప్పడం దానికి అలవాటని నాకు తెలుసు. చేత్తో పట్టుకుంటే ఇంకా గోరువెచ్చగానే ఉంది. ఇంటికి తీసుకెళ్ళి పచ్చడి బండతో ముక్కలు చేశాను. ఒక్కో ముక్కా చల్లబడేదాకా దగ్గరే కూర్చున్నాను. ఎవరినో సాగనంపుతున్నట్టే అనిపించి, పొరపాటున కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాను. సోమయాజికి ఫోన్ చేసి పగలగొట్టానని చెబితే అతను గొడవ పడలేదు. "రైల్లో ఉన్నాను మేడమ్, నాన్న దగ్గరికి వెళుతున్నాను. ఈ మాట నోటితోనే చెప్పాలి," అన్నాడు.

కార్తీకమాసంలో ఒక ఆదివారం లోవ భోజనానికి పిలిచింది. నూకరాజు కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చున్నాడు. అతని కుర్చీ వెనకాల నేను కూర్చున్నాను. లోవ తన లారీని ఒడ్డున నిలిపి, ఉలవచారు చూడాలని వంటింట్లోకి వెళ్ళింది. నేను ఫోన్ మోగితే అటు తిరిగి నాలుగు ముక్కలు మాట్లాడి పెట్టేశాను. తిరిగి చూసేసరికి రేవులో పసుపు లారీ లేదు.

ఒక్క అంగలో వెళ్ళి సీపీయూ పక్క తలుపు ఊడదీసి చూశాను. నా షాపు స్టిక్కరున్న మామూలు డిస్కే. ముట్టుకుని చూశాను. కంప్యూటర్ ఆన్‌లో ఉండడంతో అదీ వెచ్చగానే తగిలింది. పాత చీపురు కొత్తింటికి తెచ్చానా అనుకున్నాను. ఆ పాత డిస్క్ లోంచి ఇంకేమైనా వచ్చిందా, నాకు తెలియనిది?

అప్పుడు తెర చూశాను. లారీ గాల్లో లేదు. ఒడ్డుకి దగ్గరలో సముద్రం మీద నీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి. పైన ఖాళీ కొక్కెం పిచ్చిపిచ్చిగా ఊగుతోంది.

లోవ గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి ఆగిపోయింది. "నా లారీ ఏదీ?" అంది. ఆమె గొంతులోనూ భయం వినిపించింది. "అక్కా, నా లారీ ఎవరు తీసేరు?"

నూకరాజు కుర్చీ తిప్పాడు. సగం మొహంతో నవ్వుతున్నాడు, భుజాలు కదిలిపోయేలా నవ్వుతున్నాడు. ఎడం చెయ్యెత్తి, రొమ్ము మీద గట్టిగా కొట్టుకున్నాడు.

"నేనే," అన్నాడు.